నలభై పుల్లల చక్రం

ఇప్పచెట్లు పూతకు వచ్చే రోజుల్లో నా సైకిల్ వెనుక చక్రం ఇనుప పుల్లలు మళ్ళీ తెగాయి. బోథ్‌లో నేను చదువు చెప్పే బడి. అక్కడి నుంచి అత్తగారి ఊరికి పన్నెండు మైళ్ళు. కొంత దూరం మొరం రోడ్డు, తరువాత గుట్ట, గుట్ట దిగితే రాళ్ళతో నిండిన బండ్లబాట. ఆ బాటలో ఒక పుల్ల తెగితే కాసేపటికి దాని పక్కది తెగేది. ఆపైన రిమ్ము వంకరపోయి చట్రానికి రాసుకునేది. అప్పుడు సైకిల్‌ను భుజాన వేసుకొని నడిచేవాణ్ణి.

ఆ ఊళ్ళో నా బిడ్డ నర్మద ఉంది. నాలుగేండ్లది. శ్రావణంలో చలిజ్వరం వచ్చి నా భార్య దేవవ్వ పోయినప్పుడు మా అత్త యాదవ్వ పిల్లను తీసుకుపోయింది. అప్పటికి అదే మంచిదనిపించింది. నాకు అన్నం వండుకోవడం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చు. ఇల్లు బడిని ఆనుకొని ఉంది. బడి వేళల్లో పిల్లను చూసుకుంటానని పక్కింటి భూమవ్వ అన్నది. కానీ పిల్ల నా దగ్గరికి రావాలి కదా.

ప్రతి శనివారం వస్తానని చెప్పి ఉన్నాను. ఒక వారం వెళితే రెండు వారాలు చక్రం పోనిచ్చేది కాదు. ఆ రోజు నేను చేరేసరికి పొద్దు గూకుతున్నది. నర్మద నన్ను చూసి అమ్మమ్మ కొంగు వెనక్కి పోయింది.

"ఎవలే ఆయన?" అని మా అత్త పిల్లను నవ్వించబోయింది.

"సారు," అన్నది పిల్ల.

ఊళ్ళో అందరూ నన్ను అట్లాగే పిలుస్తారు. పిల్ల తప్పేమీ లేదు. 

అన్నం తినేటప్పుడు అత్త చెప్పింది. "అల్లుడా, పిల్లను నేను ఆపుకుంటలేను. నీ బిడ్డ నీది. గని ఏడ్సేదాన్ని పట్టి బండిల ఏసి పంపుడు నాతోని కాదు. ఒక్కసారి కన్న అవ్వ పోయింది దానికి. మల్లోసారి నేను పోయినట్టు చేస్తనా? అదే వస్తనంటే తీస్కపో. ఉగాది దాక చూస్త. అప్పటికీ రాకుంటే ఈడనే పెరుగుతది. ఇగ నన్ను అడుగద్దు."

"ఇగ ఏ వారం తప్ప, అత్తా."

"నువ్వు తప్పవ్. నీ సైకిల్ తప్పుతది," అన్నాడు మంచం మీది నుంచి మామ సిద్దిరాములు. "మా ఎడ్లబండి సూడు. మా నాయిన నాటిది. నీదేమో వారానికోసారి దవాఖానకు పోతది."

ఉగాదికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి.

*

ఒంటిపూట బడి అయిపోగానే రెండు చక్రాలూ ఊడదీసుకొని ఆదిలాబాదు బస్సెక్కాను. కండక్టరు నన్నూ చక్రాలనూ చూసి, "సారూ, మిగిలిన సైకిల్ ఎనక బస్సుల వస్తుందా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. చక్రాలను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

అంబదాస్ సైకిల్ దుకాణం బస్సులు ఆగే చోటికి దగ్గరే. అతను మనిషి బొద్దుగా ఉంటాడు, మాట ఆగదు. ముందుగా దూలానికి వేలాడుతున్న ఒక జతను చూపించాడు. కొత్త రిమ్ములు, మొహం కనబడేంత మెరుపు.

"అద్దంల చూసుకున్నట్టే ఉంటది సారూ. ఇది ఏసుకొని బజార్ల పోతే సైకిల్‌ని కాదు, నిన్ను సూస్తరు."

బీరువాలో ఇంకో జత ఉంది. నూనె కాగితంలో చుట్టిన విలాయతి చక్రాలు. వాటిని ముట్టుకోనిచ్చాడు కాని, ధర చెప్పేటప్పుడు తనే గొంతు తగ్గించాడు. అది నాకు మూడు నెలల జీతం.

నేను ఎక్కడికి వెళ్ళాలో చెప్పాను. గుట్ట, బండ్లబాట, వాగు.

"బరువెంత?" అన్నాడు.

"నేను. ఒక పిల్ల."

"పిల్ల ఎంత బరువుంటది?"

నాకు తెలియదు. శ్రావణం తరువాత ఎత్తుకోలేదు. చేత్తో ఎత్తు చూపించాను. అంబదాస్ నా చేతిని చూశాడు, నా ముఖం కూడా చూశాడు. మెరిసే జతను తిరిగి దూలానికి తగిలించాడు.

"గది పెండ్లికి మంచిగుంటది. గుట్టకు గాదు," అన్నాడు. "ఒక మాట చెప్త, జర ఇను. రిమ్ము సాదాది తీస్కో. మెరవది, గని మందం ఉంటది. పుల్లల కాడ మాత్రం పిసినారితనం చెయ్యకు. విలాయతి పుల్లలు, లావువి ఏస్త. ఎనక చక్రానికి నలభై. నడుమ గుండ్లు తిరిగే హబ్బు నీ పాతదే గట్టిగుంది, అదే ఉంచుదం. ముందు చక్రం వంకర తీసిస్త, అంతే. బరువంత ఎనకనే కదా పడేది. రెండూ కొత్తయి చేస్తే నాకు లాభం, నీకు దండుగ."

"మరి ముందు మెరిసేది చూపించినవ్ గద?"

"దుకాణం నడవాల్నా వద్దా, సారూ?"

నేను సరేనన్నాను. నా జేబు తట్టుకునే దారి అదొక్కటే.

అతను గోనె బోరెం పరచి కూర్చున్నాడు. హబ్బు చుట్టూ పుల్లలు ఒక్కొక్కటే దూర్చాడు. కాసేపటికి అది చచ్చిన సాలెపురుగులా, కాళ్ళన్నీ వేలాడేసుకొని ఉంది. దాన్ని రిమ్ము మధ్యలో పెట్టి ఒక పుల్లను కుడికి, ఒక పుల్లను ఎడమకు, ఒకదాని కింది నుంచి ఇంకొకటి పోనిచ్చాడు. అప్పటికీ అది చక్రం కాలేదు. ఎత్తితే ఇటు వంగింది, అటు వంగింది. ఒక్కొక్క పుల్లనూ నా రెండు వేళ్ళతో వంచగలను. అట్లాంటి వాటి మీద నా బిడ్డను కూర్చోబెట్టి గుట్ట దిగాలి.

గోడకు బిగించిన పాత సైకిల్ ఫోర్కులో చక్రాన్ని పెట్టి అంబదాస్ అటూ ఇటూ వెతికాడు. "సారూ, జేబుల సుద్దముక్క ఉంటదా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చాను.

చక్రాన్ని తిప్పి, సుద్దను రిమ్ము పక్కన కదలకుండా పట్టుకున్నాడు. రిమ్ము వంకరగా ఉన్న చోటల్లా సుద్దకు తగిలి తెల్లటి గీత పడింది. ఆ గీత ఉన్న చోట పుల్లను కొంచెం బిగించాడు, దాని ఎదుటి పుల్లను కొంచెం వదిలాడు. గుడ్డతో తుడిచి మళ్ళీ తిప్పాడు. గీత పొట్టిదయింది. మళ్ళీ బిగించాడు. ఒక్కసారి కూడా ఎక్కువ తిప్పలేదు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోవాలని తోచలేదు. చివరికి చక్రం ఎంతసేపు తిరిగినా సుద్దకు తగలలేదు. సుద్దకూ రిమ్ముకూ మధ్య సన్నటి వెలుతురు మాత్రం ఉంది. చక్రం తిరుగుతున్నదో నిలిచి ఉన్నదో ఆ వెలుతురును చూసి చెప్పలేం.

అప్పుడు దాన్ని కింద పడుకోబెట్టి అంబదాస్ దాని మీద ఎక్కి నిలబడ్డాడు. అంత మనిషి. చక్రం కిమ్మనలేదు.

"పుల్లలు నిన్ను మోస్తయనుకుంటవ్ సారూ. మొయ్యవు. నువ్వు పై పుల్లలకు ఏలాడుతవ్."

"కింది పుల్లలేం జేస్తయి?"

"తమ వంతు వచ్చేదాక ఆగుతయి," అని నవ్వాడు. "మొదటిసారి తొక్కినప్పుడు టిక్ టిక్ అంటయి. పరేషాన్ కావద్దు. ఒకదానితోని ఒకటి సర్దుకుంటున్నట్టు."

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ చక్రాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వేలితో ఒక పుల్లను మీటితే సన్నగా మోగింది. దాని పక్కదీ అట్లాగే మోగింది. దేవవ్వ పోయిన తరువాత ఒక వస్తువును అంతసేపు చూడటం నాకు అదే మొదటిసారి.

*

ఆ శనివారం గుట్ట ఎక్కి, దిగి, బండ్లబాట దాటి, పొద్దుండగానే చేరాను. రాళ్ళ మీద సైకిల్ ఎగిరింది కాని చక్రం చక్రంగానే ఉంది. అంబదాస్ చెప్పినట్టు టిక్ టిక్ అన్నది. మామ ఆ చప్పుడు విన్నాడు. వంగి, పుల్లల మీద చెయ్యి వేసి చూశాడు. 

నర్మద గడపలో నిలబడింది. ఈసారి కొంగు వెనక్కి పోలేదు. దగ్గరికీ రాలేదు.

తెల్లవారి లేచి చూస్తే గోడకు ఆనించిన సైకిల్‌కు వెనుక చక్రం లేదు. సీటు కింది సంచిలో పానా లేదు.

"మామ వాగుకు పోయిండు," అన్నది అత్త, పొయ్యి ఊదుతూ.

వాగుకు పరుగెత్తాను. ఎండలు ముదిరితే అక్కడి రైతులు బండి చక్రాలను వాగు మడుగులో నానబెడతారు. ఎండకు కర్ర ముడుచుకొని, పుల్లల్లాంటి ఆకులు వదులై, చుట్టూ ఉన్న ఇనుప పట్టా ఊడుతుంది. రాత్రంతా నీళ్ళలో ఉంటే కర్ర ఉబ్బి అన్నీ బిగుసుకుంటాయి. మామ తన బండి చక్రాలు రెండింటినీ మడుగులో వేసి ఉన్నాడు. వాటి పక్కన, ఒక బండరాయి కింద, నా చక్రం ఉంది. గట్టు మీద నర్మద కూర్చొని కాపలా కాస్తున్నది.

"మాపటీలనే ఏసిన అల్లుడా," అన్నాడు మామ సంతోషంగా. "నీ పుల్లలు వదులైనయ్. టిక్ టిక్ అంటున్నయి. ఇది శానా మొండిది, ఎంత తొక్కినా మునుగదు. గందుకే బండ పెట్టిన."

"మామా, ఇది ఇనుము."

"అయితే?"

"ఇనుము ఉబ్బదు. తుప్పు పడ్తది."

ఆయన నా వైపు చూశాడు, మడుగు వైపు చూశాడు. తరువాత గబగబా నీళ్ళలోకి దిగి బండను పక్కకు నెట్టాడు. ట్యూబులో గాలి ఉంది కదా, చక్రం తనంతట తానే పైకి తేలింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. హబ్బులో నుంచి నీళ్ళు, నీళ్ళతో పాటు అంబదాస్ పెట్టిన గ్రీజు కారుతున్నాయి.

"నా అక్కల్ గడ్డి తినవోయింది," అన్నాడు నెత్తి కొట్టుకుంటూ.

కోపం రాలేదని అనను. కానీ ఆయన ధోతి నడుము దాకా తడిసి ఉంది. నా కోసమే, ఈ వయసులో, చీకటి పడే వేళ ఒక చక్రాన్ని మోసుకొచ్చి నీళ్ళలో దిగాడు.

గట్టు మీద తువ్వాల పరిచి హబ్బును విప్పాము. చిన్న చిన్న ఉక్కు గుండ్లు రాలి పడ్డాయి. మామ వాటిని చూసి నోరు తెరిచాడు. "గీ జొన్న గింజల మీదనా నువ్వు కూసునేది?"

"వీటి మీదనే తిరుగుతది."

గుండ్లు తుడిచి, హబ్బును ఎండబెట్టి, తిరిగి అమర్చబోతే ఒకవైపు ఒక గుండు తగ్గింది. ఇసుక గాలించాము. తువ్వాల దులిపాము. మామ నీళ్ళలో కూడా వెతికాడు.

అప్పుడు నర్మద లేచి నా దగ్గరికి వచ్చింది. నా మోకాలికి ఆనుకొని నిలబడి పిడికిలి తెరిచింది. అరచేతిలో గుండు ఉంది. ఇచ్చేయాలని లేదు, చూపించాలని ఉంది.

"గిది ఏడికి పోతది?" అన్నది.

"గీ లోపలికి."

"లోపల ఏం జేస్తది?"

"తిరుగుతది. మనం ఎంత దూరం పోతే అంత దూరం."

పిడికిలి మళ్ళీ మూసింది. "నేనే పెడ్త."

గ్రీజు లేదు. మామ తన బండి నొగకు కట్టిన వెదురు గొట్టం తెచ్చాడు. అందులో ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన ఉంది, ఆముదంలో గడ్డి మసి కలిపినది, చిక్కగా, నల్లగా. హబ్బు నిండా దాన్ని పెట్టాను. నర్మద వేలితో తన గుండును ఆ నలుపులోకి నొక్కింది. అది మునిగి కనబడకుండా పోయింది. బిగించాను.

ఇరుసు రెండు కొసలూ పట్టుకొని మామను తిప్పమన్నాను. చక్రం తిరిగింది. చప్పుడు లేదు. మామ నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. నర్మద చక్రం ముందు గొంతుక్కూర్చుంది. నీటి చుక్కలు చెదిరి ఎండలో మెరిసి ఆగిపోయాయి, చక్రం మాత్రం ఆగలేదు. వాగు అవతల ఎవరో ఎడ్లను తోలుకొచ్చి, నీళ్ళు తాగించి, వెళ్ళిపోయారు. ఇంకా తిరుగుతూనే ఉంది. నా చేతులు నొప్పి పుట్టినా దించబుద్ధి కాలేదు. ముగ్గురం చూస్తున్నాము. చివరికి అది ఒక క్షణం నిలిచి, వెనక్కి కొంచెం ఊగి, ఆగింది.

"ఔరా," అన్నాడు మామ, చిన్నగా.

నర్మద నా వైపు తిరిగింది. "నా గుండు నీతోని బోథ్‌కు వస్తదా?"

"వస్తది."

"అయితే నేను గూడ వస్త."

నేను చక్రాన్ని కింద పెట్టాను. మామ చెప్పాడు. "ముందుగాల మీ అమ్మమ్మను అడుగు, పో."

అత్త పిల్లను ముందు నిలబెట్టుకొని రెండుసార్లు అడిగింది. పిల్ల రెండుసార్లూ అదే మాట చెప్పింది, రెండోసారి విసుగ్గా. అత్త లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చిన్న మూట, రెండు జొన్నరొట్టెలు తెచ్చింది.

"తొవ్వల ఏడిస్తే ఎనుకకు తే," అన్నది.

"తెస్త అత్తా."

"ఏడ్వది," అన్నది తనే, ఆ తరువాత. కండ్లు మాత్రం తుడుచుకోలేదు, రెండు చేతులతో పిల్ల తల దువ్వుతున్నది.

సైకిల్ ముందు కడ్డీకి చద్దరు మడిచి కట్టి పిల్లను కూర్చోబెట్టాను. ఎత్తినప్పుడు తెలిసింది, ఆమె బరువు ఎంతో. బండ్లబాట దాటాము, గుట్ట మొదలయింది. దిగి నెట్టుకుంటూ నడిచాను. గుట్ట మీదికి చేరేసరికి నర్మద నా చేతికి తల ఆనించి నిద్రపోయింది. దిగుడులో సైకిలెక్కి, ఒక చేత్తో ఆమెను, ఒక చేత్తో బ్రేకును పట్టుకొని మెల్లగా పోనిచ్చాను. కింద రాళ్ళు దడదడలాడాయి. మా ఇద్దరి బరువూ ఆ పుల్లలకు వేలాడుతున్నది. వెనుక చక్రం ఒక్క మాట అనలేదు.

మొరం రోడ్డు మీదికి వచ్చిన తరువాత చూశాను. పిల్ల గౌనుకు ముందు వైపు వేలెడంత కందెన మరక. మసి, ఆముదం కలిసిన మరక. అది దేనితో పోతుందో దేవవ్వకు తెలిసేది. నాకు తెలియదు. ఇంటికి పోగానే భూమవ్వను అడగాలి.