నీలం పూసిన బోరింగు

చర్చి వీధి ఊడ్చి, చెత్తబండిని సిమెంటు రోడ్డు మలుపు దాకా తోసుకొచ్చేసరికి సువార్తమ్మకు నడుం పట్టేసింది. బండికి ఆనుకుని నిలబడి, చీపురు మొదలును నేలకు రెండుసార్లు దంచి పుల్లలు సరిచేసుకుంది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పంచాయతీ వాళ్లిచ్చిన ఆకుపచ్చ కోటు భుజాల మీద వెలిసి బూడిదరంగుకు తిరిగింది. కుడిచేతి గోళ్ల చుట్టూ మాత్రం ఎర్రరంగు మరక ఏడాది పొడుగునా ఉంటుంది. కిరసనాయిలు పెట్టి రుద్దినా పోదు.

ఆ మలుపులోనే, అంగన్‌వాడీ గోడ పక్కన బోరింగు ఉంది. రోజూ దాని గట్టు ఊడ్చి, ఒకసారి తలెత్తి చూసి ముందుకు పోవడం ఆమె అలవాటు. ఆ రోజు తలెత్తి, అలాగే ఉండిపోయింది.

బోరింగు నీలంగా ఉంది. తల నుంచి మొదలు దాకా, పిడితో సహా కొత్త నీలం. గట్టు మీద రంగు చుక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

మార్కాపురం నుంచి కనిగిరి పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఊరది. ఆరు బోరింగుల్లో ఐదు ఉప్పన. దీని నీళ్లే నోటికి తియ్యగా ఉంటాయి, ఫ్లోరైడు ఉన్నదీ దీంట్లోనే. ఎప్పుడో అధికారులు జీపులో వచ్చి, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి, మళ్లీ వచ్చి తాగొద్దని చెప్పి ఎర్రరంగు పూసి పోయారు. ఆ తర్వాత రాలేదు. అప్పటికే సువార్తమ్మ భర్త దేవదానం నడుం వంగిపోయి ఉన్నాడు. చనిపోయిన రోజు వెల్లకిలా పడుకోబెడదామంటే వీపు సాగలేదు. పెట్టెలో పక్కకు తిప్పి, మోకాళ్లు ముడిచి, నిద్రపోతున్న పిల్లవాడిలా ఉంచి మూత వేశారు. ఆ ఏటి నుంచి రంగు వెలిసినప్పుడల్లా ఆమే పూస్తోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తన గుక్కెడు నీళ్లు కూడా ఊరి ఆ చివరనున్న మంచినీళ్ల ట్యాంకు నుంచే తెచ్చుకుంటుంది.

ఊళ్లో పెళ్లిచూపులున్న రోజు బోరింగుకు గోతం కప్పుతారు. ఎర్ర బోరింగు ఉన్న ఊళ్లో పిల్లను చేసుకుంటే ఎముకలు వంకరపోతాయని దర్శి వైపు వాళ్లకు భయం. ఆడపిల్లల తల్లులు వచ్చి బతిమాలితే మొదట్లో సువార్తమ్మే గోతం తెచ్చి, తాడు చుట్టి, పొద్దుగూకేలోపు విప్పేది. ఒక్క పూటే కదా అనుకుంది. కిందటి నెల ఎవరి పెళ్లిచూపులకో వచ్చిన పెద్దమనిషి గోతం ఎత్తి చూశాడు. వాళ్లు భోజనం చేయకుండానే కారెక్కారు.

వీధరుగు మీద పళ్లు తోముకుంటున్న ఓబులమ్మ పిలిచింది.

"ఏంది అత్తా, అట్ల కొయ్యబారిపోయినావు?"

"ఎవురు పూసినారే ఇది?"

"నన్నడుగుతావేంది? ఇంటికి పోయి నీ కొడుకు చేతులు చూడు. కృష్ణుని మాదిరి ఉండాడు." ఓబులమ్మ నవ్వి, పుక్కిలించి ఊసింది. "అయినా బాగుందిలే అత్తా. ఇరవై ఏండ్లు ఎర్రచీర కట్టింది, ఒక్కనాడన్నా మార్చొద్దా?"

సువార్తమ్మ చెత్తబండిని అక్కడే వదిలేసింది. ఇరవై ఏళ్లలో అలా వదలడం అదే మొదలు.

ఆమె కొడుకు రాజరత్నం మార్కాపురంలో పలకల రాయి కోసే మిషను దగ్గర పని చేస్తాడు. పెళ్లీడుకొచ్చిన కూతురు పావని ఉంది అతనికి. దగ్గుతూ దొడ్లో కూర్చుని చేతులు రుద్దుకుంటున్నాడు. తల్లిని చూసి చేతులు వెనక్కి పెట్టుకోబోయి, మానుకున్నాడు.

"పదకొండుకు వస్తారంట మా, పావనిని చూసేదానికి."

"గోతం కట్టుకోవచ్చు గదరా."

"గోతం సంగతి అందరికీ తెలిసిపోయింది. ఊరంతా అనుకొనే పూసినాం. నేనొక్కన్ని కాదు."

ఊరంతా. మొన్న జనవరిలో జెండా పండుగనాటి గ్రామసభ ఆమెకు గుర్తొచ్చింది. సర్పంచి గోవర్ధన్ సారు మైకు పట్టుకుని, దేశానికి మనమేం చేస్తున్నామో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలన్నాడు. ప్రభుత్వం మీద నెపం పెట్టడం మానాలన్నాడు. సువార్తమ్మను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. ఎర్రగుర్తు ఎవరమూ చెరపబోమని చేతులెత్తమంటే ఊరంతా ఎత్తింది. రాజరత్నం రెండు చేతులూ ఎత్తాడు. ఆ పూట ఆమెకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం. ఇక తను లేకపోయినా పరవాలేదనుకుంది.

"మన పావని పండ్లు చూడరా, మల్లెమొగ్గల మాదిరి ఉండాయి. ఎర్రగుర్తు ఉండబట్టే మా బిడ్డ ఆ నీళ్లు తాగలేదని చెప్పొచ్చు గదరా వాళ్లకు."

"నువ్వు చెప్తావనే నా భయం." రాజరత్నం తల వంచుకున్నాడు. "వాళ్లు పొయ్యేదాకా ఇంటికి రావాక మా."

పావని గడపలో నిలబడి వింది. తల దువ్వుకుని, పూలు ఇంకా పెట్టుకోలేదు. వాకిట్లోకి వచ్చి అవ్వ చేయి పట్టుకుంది.

"ఈ ఒక్క పూట అవ్వా."

ఆ మాట సువార్తమ్మకు కొత్తది కాదు. గోతం కట్టిన ప్రతిసారీ తనే తనకు చెప్పుకున్న మాట.

"సరేలేమ్మా," అంది. మంచినీళ్ల సీసా ఒకటి నింపుకుని బయటికి నడిచింది.

గోవర్ధన్ సారు వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"పూసినారంట గదా సారూ. పొద్దుగూకినాక నేను మళ్లా ఎర్రది పూసుకుంటా. అప్పటిదాకా ఎవురూ తాగకుండా దండోరా వేపిచ్చండి."

సారు పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. "పెళ్లిళ్ల కాలం అయిపోనీలే సువార్తమ్మా. వచ్చే నెల మా అమ్మాయిని కూడా చూడ్డానికి వస్తున్నారు. శ్రావణం దాటినాక అందరం కలిసి పూద్దాం. నువ్వు ఇన్నేళ్లు చేసినావు, ఎవరు కాదన్నారు?"

"అప్పటిదాకా పిల్లోళ్లు తాగితే?"

"తాగొద్దని ఎవరి పిల్లలకు వాళ్లు చెప్పుకోరా? అంత బాధ్యత లేకుండా ఉంటారా?"

ఆమె జనవరిలో మైకు పట్టుకున్న చేతి వైపు చూసి, మెట్లు దిగింది.

పది గంటలకు బోరింగు గట్టు మీద కూర్చుంది. అది మే నెల. అంగన్‌వాడీ గోడ నీడ అప్పటికే ఆమె పాదాల దగ్గర నుంచి వెనక్కి జరుగుతోంది. ఆడుకుంటూ వచ్చిన పిల్లలు పిడి పట్టుకోబోతే అడ్డంగా చేయి పెట్టింది.

"నీలంగా ఉంటే మంచివంట గదా అవ్వా, మాయమ్మ చెప్పింది," అంది ఒక పిల్ల.

"మీయమ్మకు నేను చెప్తాలే. ఇదో, ఈ నీళ్లు తాగు."

సీసాలో నీళ్లు ముగ్గురికి సరిపోయాయి. ఆ తర్వాత వచ్చిన వాళ్లను ట్యాంకు దగ్గరికి తరిమింది. గేదెలు తోలుకొచ్చిన మనిషి విసుక్కున్నాడు. మోటారుసైకిలు ఆపిన ఇద్దరు కుర్రాళ్లు, ఊరి బోరింగుకు వాచ్‌మన్‌ను పెట్టారా అని నవ్వుకుంటూ పోయారు. సీసా నింపుకుందామని ఒకసారి లేచింది. అప్పుడే ఇద్దరు చిన్నపిల్లలు గ్లాసుతో వస్తూ కనిపిస్తే మళ్లీ కూర్చుంది.

పదకొండున్నరకు తెల్ల కారు ఆమె ముందు నుంచే పోయింది. వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన తల బయటపెట్టి బోరింగును కింది నుంచి పైకి చూశాడు. తృప్తిగా తల లోపలికి తీసుకున్నాడు. సువార్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. నాలుక అంగిటికి అంటుకుంటోంది. ఇల్లు నూరు అడుగుల దూరం. అక్కడి నుంచి మసాలా వాసన, మధ్యమధ్య నవ్వులు వస్తున్నాయి. తన ఇంట్లో అంతమంది నవ్వడం విని ఎన్నాళ్లయిందో. ఎవరైనా పిలుస్తారేమోనని రెండుసార్లు అటు చూసింది. వీపుకు నీలపు ఇనుము కాలుతున్నా, దానికే ఆనుకుని కూర్చుంది.

నాలుగు గంటలకు కారు వెళ్లిపోయింది. రాజరత్నం దాదాపు పరిగెత్తుతూ వచ్చాడు.

"మా! ఒప్పుకున్నారు మా! పిల్ల పండ్లు చూసి పిల్లోడి తల్లి ఎంత మురిసిపోయిందో! రా, అన్నం తిందువు."

ఆమె గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. ఒక చేయి పిడికి అడ్డంగా అలాగే ఉంది. భుజం పట్టి కదిపితే ఆ చేయి జారి ఒళ్లో పడింది.

"చెంబు తేండి, చెంబు!" అని అరిచాడు. పావని చుట్టాల కోసం తీసిన కొత్త స్టీలు చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రాజరత్నం బోరింగు గబగబా కొట్టి, చెంబు నింపి, తల్లి తల ఎత్తి నోట్లో పోశాడు. అవి ఏ నీళ్లో అతనికి తట్టలేదు. ఆమె మింగలేదు. నీళ్లు పెదవుల మూల నుంచి కారి మెడ మీదుగా ఆకుపచ్చ కోటులోకి ఇంకిపోయాయి.

ఓబులమ్మ వచ్చింది. గోవర్ధన్ సారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. నలుగురూ పట్టి ఆమెను ఇంటికి మోసుకుపోయారు. వీధంతా వాళ్ల వెంట కదిలింది.

గట్టు మీద చెంబు ఉండిపోయింది. సగానికి పైగా నీళ్లున్నాయి, చెంబు అడుగు కనిపించేంత తేటగా.