దయామణి అడిగిన బెల్లం

దయామణికి చక్కెర జబ్బు ఉందని తేలింది పంతొమ్మిది వందల యాభై ఏడు జనవరిలో. అప్పటికామెకు నలభై దాటాయి. నడికుడి మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. భర్త రాజారత్నం రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పిల్లలు లేరు. ఇంట్లో మూడో మనిషి అత్త పిచ్చమ్మ ఒక్కతే.

ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరక, పాఠం మధ్యలో మాటిమాటికీ బయటికి పోవాల్సొచ్చి, రవికెలన్నీ వదులైపోతుంటే రాజారత్నమే ఆమెను గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరు ఆమె మూత్రాన్ని నీలం మందులో కలిపి కాచాడు. గాజు గొట్టంలో మందు ఇటుక రంగుకు తిరిగింది, అంటే చక్కెర బాగా ఎక్కువగా ఉన్నట్టు.

"ఇది పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకుని బతకాలి," అన్నాడాయన. రోజూ పొద్దున తిండికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. తీపి ముట్టకూడదు. వరన్నం తగ్గించి జొన్నన్నం తినాలి. సూది వేయడం, ఇంట్లో మూత్రం కాచి చూసుకోవడం రాజారత్నానికి నేర్పించి, వాళ్లు లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పాడు.

"సూది వేశాక తిండి మానకూడదు. చెమటలు పోసి, ఒళ్లు వణికి, మాట తేడాగా వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించు. ఆ ఒక్క సమయంలో చక్కెరే మందు."

తిరుగు రైల్లో రాజారత్నం ఆ సంగతి తల్లికి కూడా చెప్పాలన్నాడు.

"చెప్పబాకండి," అంది దయామణి. "మన ఊళ్లో ఎండాకాలం చెమట పట్టని మనిషెవరు? నా మొహం తడిగా కనపడితే చాలు, అత్తయ్య బెల్లం ముక్క నోట్లో పెట్టేస్తది."

అతనికీ అది నిజమే అనిపించింది. తీపి విషంతో సమానమని మాత్రమే తల్లికి చెప్పాడు.

పిచ్చమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పులుసులో బెల్లం వేయడం మానేసింది. సూది మందు సీసా చల్లగా ఉండాలన్నారని తడి ఇసుక పోసిన కుండలో పెట్టి, ఆ ఇసుక ఆరకుండా చూసేది. కోడలొక్కతే జొన్నన్నం తింటే ఏం బాగుంటుందని తనూ అదే తినేది.

ఫిబ్రవరిలో ఒక పెళ్లిలో దయామణి ఆగలేక రెండు అరిసెలు తింది. మర్నాడు ఇంట్లో కాచి చూస్తే గాజు గొట్టంలో మళ్లీ ఇటుక రంగు వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది.

"అత్తయ్యా, నేను అడిగినా నాకు తీపి పెట్టబాకండి. కాళ్లు పట్టుకున్నా పెట్టబాకండి."

"పెట్టనులే అమ్మా, నువ్వు ఊరుకో," అని పిచ్చమ్మ ఇంట్లో ఉన్న బెల్లం, పంచదార రేకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఏప్రిల్లో గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ పొద్దున రాజారత్నం ఎప్పటిలాగే సూది వేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. పిచ్చమ్మ కంచం పెడితే దయామణి వద్దంది.

"ఇయ్యాళ ఉపవాసం అత్తయ్యా. ఆరాధన అయినాక తింటా."

డాక్టరు మాట ఆమెకు గుర్తుంది. కానీ ఏటా ఆ రోజు ఆడవాళ్ల పాటలు నడిపించేది తనే. కడుపు నింపుకొని సిలువ పాటలు పాడటానికి ఆమెకు మనసొప్పలేదు. ఒక్క పూటకేమవుతుందిలే అనుకుంది. తినకపోతే చక్కెర ఇంకా తగ్గుతుంది గదా అని పిచ్చమ్మ కూడా బలవంతపెట్టలేదు.

గుడి రేకుల కింద మధ్యాహ్నమంతా ఆరాధన సాగింది. చివరి పాటలో దయామణి చరణం మర్చిపోయి ఆగిపోయింది. ఎండకు సొమ్మసిల్లినట్టుందని పక్కవాళ్లు అనుకున్నారు. గోడలు పట్టుకుంటూ ఇంటికొచ్చింది. చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"అత్తా, బెల్లం ఇయ్యి."

ఎప్పుడూ మీరు అని తప్ప అనని కోడలు అట్లా అడిగేసరికి పిచ్చమ్మ నివ్వెరపోయింది.

"అదేంది దయా? అన్నం ఉంది, కూర్చో, పెడతా."

"అన్నం కాదు. బెల్లం. పెట్టె తియ్యి."

"నీకది విషం తల్లీ. నువ్వే గదా పెట్టొద్దన్నావు?"

దయామణి ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది. వణికే చేతుల్తో తాళాన్ని గుంజింది. పిచ్చమ్మ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, పాడు ముసలిదానా అని తిట్టింది. చివరికి కింద కూర్చుని అత్త కాళ్లు పట్టుకుంది. పిచ్చమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. అయినా తాళం తీయలేదు.

"ఓర్చుకో అమ్మా. కాసేపటికి అదే పోద్ది."

కాసేపటికి దయామణి చేతులు వదిలేసింది. నేల మీదే ఒరిగి గురక పెట్టసాగింది. ఆశ తీరక అలిసి పడుకుందనుకుని, పిచ్చమ్మ ఆమె తల కింద దిండు పెట్టి, రాజారత్నం డ్యూటీ దిగి వచ్చేదాకా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది.

గుమ్మంలోంచి భార్య మొహం చూడగానే రాజారత్నం పెట్టెను రాయితో పగలగొట్టాడు. చక్కెర నీళ్లు నోట్లో పోస్తే చెంపల మీదుగా కారిపోయాయి. గుంటూరు వెళ్లే గూడ్సు ఆపి, గార్డు పెట్టెలో ఆమెను పడుకోబెట్టుకుని తీసుకెళ్లారు.

ఆస్పత్రిలో నరానికి గ్లూకోజ్ ఎక్కించారు. ఆమె కళ్లు తెరవడానికి రెండు రోజులు పట్టింది. తెరిచిన కళ్లు ఎవరినీ పోల్చుకోలేదు.

"చానా ఆలస్యమైంది. మెదడు దెబ్బతింది," అన్నాడు డాక్టరు. "ఇంట్లో చారెడు చక్కెర కూడా లేదా?"

"ఉంది బాబూ," అంది పిచ్చమ్మ. "కాళ్లు పట్టుకుని అడిగింది. నేనే పెట్టలా."

"ఇట్లాంటప్పుడు చక్కెరే మందని నీకు చెప్పాను గదా?" అని డాక్టరు రాజారత్నం వైపు చూశాడు. పిచ్చమ్మ కూడా కొడుకు వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసురా?"

"తెలుసమ్మా."

"నాకెందుకు చెప్పలా?"

అతను జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. రైల్లో దయామణి అన్న మాట చెబితే తప్పు ఆమె మీదికి పోతుంది.

"నువ్వు ఊరికే పెట్టేస్తావనుకున్నా," అన్నాడు. పిచ్చమ్మ వరండాలోకి వెళ్లి గోడకానుకుని కూర్చుంది. రాజారత్నం భోజనం తెచ్చినా ఆ రోజు ముట్టలేదు.

దయామణి నడవగలిగింది, తినగలిగింది, పాటల్లో ఒకటీ అరా చరణాలు పాడగలిగింది. అక్షరాలు మాత్రం పోయాయి. జూన్లో బడి తెరిచాక ఆమె బదులు మాచర్ల నుంచి ఇంకో పంతులమ్మ వచ్చింది.

జబ్బు ఎక్కడికీ పోలేదు. సూదీ తప్పలేదు. ఇప్పుడు కంచంలో అన్నం వడ్డించాకే రాజారత్నం సూది తీస్తాడు. ఆమె తినడం అయ్యేదాకా పిచ్చమ్మ కదలదు. ఒకే ఇంట్లో ఉన్న తల్లీకొడుకులు అవసరానికి తప్ప మాట్లాడుకోవడం లేదు.

బడి గంట స్టేషన్ క్వార్టర్ల దాకా వినిపిస్తుంది. అది మోగగానే దయామణి తినడం ఆపి తలెత్తుతుంది.

"బడికి టైమయిందా?"

"సెలవులమ్మా," అంటుంది పిచ్చమ్మ. "ఇంకో ముద్ద తిను."