హార్మ్ బాగుచేసిన రేడియో

స్క్రూడ్రైవర్లు బల్ల మీద పేర్చి, హార్మ్ రెండు చేతులూ ఏప్రాన్ జేబులో దాచుకున్నాడు. మా ఊరు జుట్‌ఫెన్‌లో, పాడైన వస్తువులు పారెయ్యకుండా ఉచితంగా బాగుచేసిపెట్టడానికి శనివారాలు మా పేట హాల్లో నడిచే రిపేరు కెఫేలో అతని మొదటి పని అదే. బయట ఉంటే చేతులు వణుకుతాయి. బతుకంతా దుకాణాల కాటాలు బాగుచేసినవాడు, ఇప్పుడు టోస్టరు మర బిగించలేడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ బల్ల పోతుంది. బల్ల పోతే ఈ ఊళ్ళో అతనికోసం ఎదురుచూసేవాళ్ళెవరూ ఉండరు.

అందుకే ఓ దారి కనిపెట్టాడు. "పార్టు దొరకాలి" అంటూ వస్తువును ఇంటికి పట్టుకుపోయేవాడు. పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, అచ్చం అలాంటిదే కొనితెచ్చి గంట కొట్టేవాడు. ఏదైనా బాగుపడితే గంట కొట్టడం అక్కడి ఆనవాయితీ, వెంటనే హాలంతా చప్పట్లు. చెత్త తగ్గించే చోట కూర్చుని షెడ్డు నిండా చెత్త పోగేస్తున్నాడు పెద్దమనిషి! చప్పట్లు వినబడ్డప్పుడల్లా సిగ్గుతో అతని చెవులు ఎర్రబడేవి. జనం అది వినయమనుకునేవారు.

ఆ రోజు అలైదా రేడియో వంతు. భర్త బ్రామ్ పోయాక వంటింట్లో ఆవిడకు తోడు ఆ రేడియోయే. హార్మ్ గంట కొట్టాడు.

"ఒరేయ్, చచ్చినవాటిని కూడా లేపుతావురా నువ్వు!" అన్నాడు పక్కబల్ల దగ్గర రిపేర్లు చేసే ఎవర్ట్, కాఫీతో ఇచ్చిన ఒకే ఒక్క బిస్కెట్టును పొదుపుగా కొరుకుతూ.

అలైదా రేడియో పెట్టింది. పాట ఖంగుమంది. ఆవిడ మొహం మాత్రం వెలగలేదు. వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమింది.

"ఇది నాది కాదు."

"కొత్త డొప్ప వేశానండీ," అన్నాడు హార్మ్.

"ఎవరు వెయ్యమన్నారు? మా బ్రామ్ పొయ్యి పక్కన పెట్టి దాని వీపు కాల్చేశాడు. రోజూ ఆ గుంట తడుముకుంటాను నేను. నా రేడియో ఏదీ?"

మాట నాన్చడం మా వాళ్ళకు రాదు. హాలంతా వినబడేలాగే అడిగింది. హార్మ్ జేబులోంచి చేతులు తీశాడు. అవి వణకడం అందరూ చూశారు.

"మా షెడ్డులో ఉందండీ. అందరివీ అక్కడే ఉన్నాయి. ఈ ఏడాది నేనేదీ బాగుచెయ్యలేదు. నావల్ల కావట్లేదు."

ఎవర్ట్ నమలడం ఆపేశాడు. భూమి చీలితే బాగుండుననిపించింది హార్మ్‌కి.

"పదండి," అంది అలైదా కోటు తొడుక్కుంటూ. "మూగదైనా నాది నాకిచ్చెయ్యండి. చేతకావట్లేదని ముందే చెబితే ఏం పోయేదండీ? ఊరికే కబుర్లు చెప్పుకుందామన్నా వచ్చేదాన్నిగా."

తిట్టినా అంత తగిలేది కాదు. హార్మ్ ఏప్రాన్ విప్పబోయాడు, ముడి ఊడి రాలేదు. ఎవర్ట్ లేచి వచ్చి విప్పిపెట్టాడు. హార్మ్ తలొంచుకుని అలైదా వెనకే బయటికి నడిచాడు. ఆ గుమ్మం మళ్ళీ ఎన్నడూ తొక్కలేదు.

కొనితెచ్చిన రేడియో బల్ల మీద పాడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు.