వడగళ్ళ పాట

మధ్యాహ్నం రేడియోలో గోధుమ ధరలు మొదలుకాగానే డెల్ఫీన్ పెరట్లోకి పరిగెత్తి ఆరేసిన దుప్పట్లు లోపల పడేస్తుంది. ధరలు చదివాక ఒక పాట వేస్తారు. అది ఆమె మొగుడు మార్లిన్ పాడినదైతే వాళ్ళ చేలో వడగళ్ళు పడతాయి. పాట ఉన్నంతసేపే పడతాయి, కంచె అవతల ఒక్కటీ పడదు.

ఆ పాటలు వినేవాళ్ళకి తెగ నచ్చాయి. దాంతో చేను సగం నేలకి అంటుకుపోయింది.

"నీ పాట జోరుగా నడుస్తున్నట్టుందే! చేను చూస్తే తెలిసిపోతోంది," అంటాడు విత్తనాల కొట్టు ఎల్‌రాయ్.

మార్లిన్ నవ్వేస్తాడు. ఆ పాటలు వెయ్యొద్దని రేడియో వాళ్ళకి ఒక్క ఫోను కొడితే సరిపోయేది. కొట్టడు. తనకిలా జరగాల్సిందేనని అతని నమ్మకం.

నిరుడు కోతలప్పుడు పక్క చేను క్లీటస్ వెర్త్ గాదె మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కాన్సస్‌లో ఆ వైపు రైతు మంచాన పడితే ఇరుగుపొరుగంతా కోత మిషన్లు తోలుకొచ్చి ఒక్క రోజులో చేను కోసిపెడతారు. శనివారం అనుకున్నారు. ఆ శనివారమే రికార్డింగు బండి ఖాళీ అని నాష్‌విల్‌లోని పాటల కంపెనీ నుంచి కబురొచ్చింది. రైతుల మీద కట్టిన పాటలు రైతుల ముందే పాడి, వాళ్ళ చప్పట్లతో సహా రికార్డు చెయ్యాలని మార్లిన్‌కి ఎన్నేళ్ళ కోరికో!

"సోమవారం కోద్దాం, గోధుమలు ఎక్కడికి పోతాయి?" అని ఇంటింటికీ తిరిగి అందరినీ గింజల షెడ్డుకి పట్టుకొచ్చాడు. పొరుగువాడి చేను కోసిపెట్టే పాట దగ్గర షెడ్డు దద్దరిల్లిపోయింది. ఆదివారం వడగళ్ళ వాన కురిసింది. క్లీటస్ చేలో గింజ మిగల్లేదు. చలికాలంలో ఆయనా పోయాడు.

ఆయన భార్య లియోనా మార్లిన్‌ని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. చర్చిలో ఆమె ఎదురైతే అతను సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఈ ఏడు కోతల్లో ఒక పొద్దున లియోనా, పైకప్పు లేని తన పాత మిషను తోలుకుంటూ నేరుగా మార్లిన్ చేలోకి దిగింది.

"ఇదేంటి లియోనా? నా చేను నువ్వు కోయడమేంటి?"

"నా చేను అయిపోయింది. నువ్వు మిషను బయటికే తియ్యలేదు. ఇలాగే పాడుబెడతావా?"

"నాకు అలాగే కావాలి."

"నీకేం కావాలో నాకెందుకయ్యా? గోధుమలేం పాపం చేశాయి? తప్పుకో."

మధ్యాహ్నమైంది. వంటింట్లో రేడియో ధరలు చదవడం ముగిసి మార్లిన్ పాట గిటారు మోగింది. నిమ్మకాయలంత వడగళ్ళు దబదబా పడ్డాయి. లియోనా టోపీ ఎగిరిపోయింది. నుదురు చిట్లి రక్తం కారుతున్నా ఆమె మిషను ఆపలేదు.

"దిగు లియోనా, దిగు!"

ఆమెకి వినబడలేదో, విననట్టు ఊరుకుందో. మార్లిన్ ఇంట్లోకి పరిగెత్తి ఫోను అందుకున్నాడు.

"ఆ పాట ఆపండి!"

"ఆపడమేంటి? అందరూ ఆ పాటే వెయ్యమంటున్నారండీ," అంది రేడియో అమ్మాయి. "ఎవరు మాట్లాడేది?"

"పాడినవాణ్ణి. ఆ రికార్డులోది ఏదీ ఇంకెప్పుడూ వెయ్యకండి."

"అయ్యో, ఇప్పుడిప్పుడే కదండీ మీ పేరు బయటికొస్తోంది!"

"రావద్దు. ఆపెయ్ తల్లీ."

పాట మధ్యలోనే తెగిపోయింది. బయట ఎండ కాసింది.

మిషను మీది గింజల పెట్టె నిండిందని లియోనా హారన్ కొట్టింది. మార్లిన్ లారీ తీసుకెళ్ళి మిషను పక్కన నడిపాడు. ఆమె అతని వైపు చూడలేదు. గింజలు మాత్రం లారీలో పోసింది.