వాన చేసిన అక్క, తిట్టిన తమ్ముడు, మధ్యలో నేను

నేను ఒక హెడ్‌సెట్‌ను. చెవులు రెండున్నాయి గాని వినేది నేను కాదు. నోరు ఒకటుంది గాని వాగేది నేను కాదు. అయినా వీడియో గేములాడే మనుషుల వాగుడంతా ఇన్నేళ్లుగా నాలోంచే పోతోంది. విసుగు పుట్టడానికి అది చాలదూ?

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా తీగలు అతికించి, "హలో" అని ఒక్కసారి పరీక్షించి పెట్టెలో పెట్టింది. అంత పొదుపుగా మాట్లాడిన మనిషిని ఆ తరువాత నేనెరగను.

గుంటూరు బ్రాడీపేటలో నన్ను కొన్నవాడు హేమచంద్ర. పగలు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగి, సాయంత్రాలు ఆటలాడతాడనుకున్నాను. ఆడేది తక్కువ, వాదించేది ఎక్కువ. పెద్ద ఆట ఎందుకు వాయిదా పడింది, ధర ఎందుకు పెంచారు, సగం ఆట ఇప్పుడిచ్చి మిగతా సగం విడిగా ఎందుకు అమ్ముతున్నారు అంటూ స్నేహితుడు జాషువాతో ఒకటే రచ్చ. వందల కోట్ల కంపెనీల మంచిచెడ్డలు ఈ ఇద్దరూ మంచాల మీద పడుకుని తేల్చేసేవారు.

కొన్నాళ్లకు హేమచంద్ర యూట్యూబులో లైవ్‌లు మొదలుపెట్టి, కొత్త హెడ్‌సెట్ కొనుక్కున్నాడు. నన్ను హైదరాబాదులో ఉండే పెద్దమ్మ కూతురు సునయనకిచ్చి, "నువ్వూ మాతో ఆడదువుగానీ అక్కా" అన్నాడు.

సునయన మాదాపూర్‌లో ఏదో స్టూడియోలో బొమ్మల పని చేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ బొమ్మలో తెలియదు. బయట చెప్పనని సంతకం పెట్టింది. ఆమె ఇంటినుంచి పనిచేసే రోజుల్లో మీటింగులు నాలోంచే జరిగేవి కనుక నాకు తెలిసింది. లోకమంతా ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఒక పెద్ద ఆటలో ఈమె వంతు వాన. ఆట పేరు చెప్పను. చెబితే మీరూ మొదలుపెడతారు. తారురోడ్డు మీద నీళ్లు ఎలా మెరవాలి, రేకుల కప్పు మీంచి ధార ఎలా జారాలి, ఇదే ధ్యాస. ముసురు పట్టిన రోజున గొడుగు మరిచి, చూస్తూ నిలబడి, ముద్దగా తడిసి ఇంటికొచ్చేది.

చివరి నెలల్లో మీటింగులన్నీ గోలే. ఇంకా సిద్ధం కాలేదు, ఆగండని సునయన వాళ్లు. పండగ అమ్మకాలు పోతాయని ఈ పని అప్పజెప్పిన విదేశీ కంపెనీవాళ్లు. ఆగలేదు. విడుదలైన ఆటలో మనుషులు గోడల్లోంచి నడిచారు, గుర్రాలు గాలిలో వేలాడాయి.

విడుదలైన రోజు సాయంత్రం హేమచంద్ర లైవ్ పెట్టాడు. జాషువా, సునయన కూడా లైన్లో ఉన్నారు. సునయన మాత్రం నా మ్యూట్ బటన్ నొక్కుకుని కూర్చుంది.

"చూడండబ్బా, ఇంత ధర పెట్టి అమ్మే సరుకా ఇది? ఎవరూ కొనమాకండి. ఆ కంపెనీకి బుద్ధి రావాల!"

సబబే. సునయన కూడా తలూపింది, నాతో సహా.

"అసలు ఈ పని చేసినోళ్లకి సిగ్గుండొద్దా? కూర్చుని జీతాలు తిన్నారు. ముందు ఆ టీమ్ మొత్తాన్ని పీకెయ్యాల!"

ఆమె వేలు బటన్ మీదికొచ్చింది. వద్దమ్మా, సంతకం పెట్టావు, అనుకున్నాను. నా మాట ఎవరు విన్నారు గనుక!

"పీకేశార్రా హేమూ. పొద్దున్నే పిలిచి చెప్పారు."

"ఎవర్నక్కా?"

"మా టీమ్‌ని. ఆ ఆటలో వాన నేను చేశా."

హేమచంద్ర గబుక్కున లైవ్ ఆపేశాడు. ముగ్గురూ లైన్లోనే మిగిలారు.

"వాన బాగుందక్కా" అని నసిగాడు జాషువా.

"బాగుందా అని నేనడిగానా? ఆట బాలేదు. నాకు తెలీదా? కొన్నాళ్లు ఆగమని కాళ్లావేళ్లా పడ్డాం." ఆమె నా మైకును నోటి దగ్గరికి లాక్కుంది. "ఆగమన్నవాళ్లం బయటున్నాం. విడుదల చెయ్యమన్నవాళ్లు లోపలున్నారు."

"మరి ఇన్నాళ్లూ నేను తిడతంటే ఎట్టా విన్నావక్కా?"

"బటన్ నొక్కుకుని."

హేమచంద్ర, "పెద్దమ్మకి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"చెప్పమాక. రేపు పొద్దున బస్సెక్కుతున్నా."

వచ్చాడు. క్షమాపణ చెప్పడం చేతకాక రెండు పూటలూ తనే వంట చేశాడు. ఆ కూర తిని ఆమె క్షమించిందంటే గొప్పే. ఈలోగా లైవ్‌లో ఆమె మాటలు ఎవరో కత్తిరించి ఊరంతా తిప్పారు. పేరు బయటపడలేదు కనుక బతికిపోయింది. ఆ గొంతు నిజమైనదా, కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్నదా అని జనం వారం పాటు కొట్టుకు చచ్చారు. మనుషులు!

వేసవికి ఆమెకు ఇంకో స్టూడియోలో పని దొరికింది. మళ్లీ సంతకం, మళ్లీ గుట్టు. హేమచంద్ర ధరల మీద, కంపెనీల మీద ఇప్పటికీ అరుస్తూనే ఉన్నాడు. మొన్న మరో పెద్ద ఆట విడుదలైంది. లైవ్ మొదలుపెట్టే ముందు ఆమెకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇందులో నీ పనేమన్నా ఉందా?"

"ఉంటే?"

"కొంచెం మెల్లిగా తిడతా."

సునయన నవ్వింది. "అక్కర్లేదు, గట్టిగానే తిట్టు. ఎవర్ని తిడుతున్నావో కనుక్కుని తిట్టు."