రెండు రోజులు ఆగిన దరఖాస్తు

కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ కర్మాగారంలో, దరఖాస్తు అందిన నాటి నుంచి కాలు సిద్ధమై పెట్టెలోకి ఎక్కేదాకా ఇరవై రోజులు పట్టేది. ఆ జాప్యం తగ్గించే పనిని యాజమాన్యం ఒక ఇంజనీరమ్మకు అప్పగించింది. ఇలాంటి పనుల్లో చేయి తిరిగిన మనిషి. దరఖాస్తు వెంట బల్లబల్లకూ తిరిగి, ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో రాసుకుంది. నాలుగో బల్ల దగ్గర మాత్రం ప్రతిదీ రెండేసి రోజులు చతికిలబడుతోంది.

అక్కడి గుమాస్తాను అందరూ కబుర్ల బాబాయి అంటారు. ఎప్పుడు చూసినా చెవికి ఫోను అంటుకునే ఉంటుంది. మీ పనేమిటని అడిగితే పరిశీలన అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండా ఆ దశనే ఎత్తేయించి, ఆయన్ని గిడ్డంగికి పంపించింది. ఇరవై పద్దెనిమిదైంది. మేనేజరు అందరి ముందూ మెచ్చుకుంటే, ఆ మాట ఇంట్లో అత్తగారికి రెండుసార్లు చెప్పుకుంది.

రెండో నెలలో ఒక సోమవారం పదకొండు పెట్టెలు ఒక్కసారిగా వెనక్కొచ్చాయి. విప్పించి చూసింది. కుడికాలు లేనివాళ్లకు ఎడమకాలు వెళ్లింది, ఎడమకాలు లేనివాళ్లకు కుడి. ఒకదాంట్లో చీటీ ఉంది: ‘మా పాప పొద్దుటి నుంచీ గుమ్మంలోనే కూర్చుంది. ఇది మాది కాదండీ.’

ఆ దరఖాస్తులు తిరగేసింది. కాగితం మీద మనకేసి తిరిగి నిలబడ్డ మనిషి బొమ్మ. కుడికాలు కావాలంటే కొందరు డాక్టర్లు బొమ్మ కుడికాలికి గుర్తు పెట్టారు, కొందరు తమ కుడిచేతి వైపున్న కాలికి, అంటే బొమ్మ ఎడమకాలికి. ఇన్నేళ్లూ ఎవరు సరిచేశారు?

గిడ్డంగికి పరుగెత్తింది. బాబాయి అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తున్నాడు.

"మీరు ఫోన్లో మాట్లాడేది..."

"పేషెంట్లతోనేనమ్మా. ఏ కాలో వాళ్లనే అడిగేవాణ్ని. దొరక్కపోతే మర్నాడు మళ్లీ చేసేవాణ్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"పనేంటని అడిగారు, చెప్పాను. ఎలా చేస్తారని మీరు అడగలేదు."

  

సాయంత్రానికల్లా మేనేజరు దగ్గర తప్పు ఒప్పుకుని, ఆయన్ని తిరిగి నాలుగో బల్లకు రప్పించింది. దరఖాస్తు మీది బొమ్మ తీయించి, కుడి, ఎడమ అని అక్షరాల్లో అచ్చు వేయించింది. ఆ పదకొండు కాళ్లూ ముందు చేయించమని పట్టుబట్టింది. పాప వాళ్లమ్మకు మాత్రం తనే ఫోను చేసి, ఏ కాలో అడిగింది.  ఆవిడ మెల్లగా, "కుడికాలండీ" అంది.