అలుపెరగని బండి

ఇరవై ఏళ్లుగా రఘుపతి మెదక్ బస్టాండు దగ్గర తన పాత మారుతీ కారును కిరాయికి నడుపుతున్నాడు. మోకాళ్లు అరిగాయి, చూపు మందగించింది. బండి మొరాయిస్తే ఇంట్లో కూర్చోవచ్చని రోజూ ఆశపడేవాడు. ఆ కారులోని జపాను ఇంజను మాత్రం తాళం తిప్పగానే అందుకునేది.

ఆ రోజు వానలో టేక్మాల్ నుంచి పురిటినొప్పులు పడుతున్న ఒకామెను దవాఖానకు చేర్చాడు. ఇంటి ముందు బండి ఆపాక స్టీరింగు పట్టుకున్న వేళ్లు విచ్చుకోలేదు.

భార్య యాదలక్ష్మి వాటిని మెల్లగా విడదీసింది. "గా బండి ఆగేదాక నువ్వు ఆగవా? దానికి అలుపు లేదు, నీకున్నది. గంత చెప్పనీకి సిగ్గెందుకు?"

"అవునే, మస్తు అలిసిపోయిన," అన్నాడు రఘుపతి మొదటిసారి.

వారం తిరక్కుండానే పక్కింటి టీచరు మహతి ఆ కారు కొనుక్కుంది. పొద్దున్నే ఆమె స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. రఘుపతి అటు తిరిగి పడుకున్నాడు.